ఎత్తు 20 మీటర్లు, పడేది 55 మీటర్లు: రోలర్ కోస్టర్ల లెక్క ఎలా రాస్తారు?

ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో 1998 నుంచి ఉన్న ‘ఆబ్లివియన్’ రోలర్ కోస్టర్ నేల నుంచి సుమారు 20 మీటర్ల ఎత్తు ఉంటుంది. దాని రైలు మాత్రం సుమారు 55 మీటర్లు కిందికి పడుతుంది. రెండు అంకెలూ నిజమే. ఆ పార్కులో ఏ రైడూ చుట్టూ ఉన్న చెట్ల తలలు దాటి పైకి లేవకూడదన్న కట్టడి ఉంది. పైకి పోయే వీల్లేక కిందికి తవ్వారు. రైలు దాదాపు నిటారుగా నేలలోని సొరంగంలోకి దూకుతుంది. మరి పట్టికలో ‘ఎత్తు’ అనే గడిలో ఏం రాయాలి? 20 రాస్తే అది చిన్నపిల్లల కోస్టర్ల వరసలో చేరిపోతుంది. 55 రాస్తే లేని ఎత్తు ఉన్నట్టు చూపించినట్టవుతుంది.

ఇలాంటి ప్రశ్నలకి ఏళ్ల తరబడి ఓపిగ్గా జవాబులు వెతుకుతున్నది ఎక్కువగా అభిమానులే. 1996లో అమెరికాలో డ్వేన్ మార్డెన్ మొదలుపెట్టిన రోలర్ కోస్టర్ డేటాబేస్, పొట్టిగా ఆర్‌సీడీబీ, ఈ పనిలో పెద్ద దిక్కు. ప్రపంచమంతటా నడుస్తున్నవి, మూతపడ్డవి, కూల్చేసినవి, ఇంకా కడుతున్నవి వేల సంఖ్యలో అందులో ఉన్నాయి. పైకి చూస్తే అదొక మామూలు పట్టిక: పేరు, పార్కు, తెరిచిన తేదీ, పొడవు, ఎత్తు, వేగం. కానీ ప్రతి గడి వెనకా ఎవరో ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆ నిర్ణయమేమిటో తెలియకుండా రెండు కోస్టర్ల అంకెలు పక్కపక్కన పెట్టి ఇది పెద్దది, అది చిన్నది అంటే చాలాసార్లు తప్పే తేలుతుంది.

ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు

ఎత్తుకీ డ్రాప్‌కీ వేర్వేరు గడులు పెట్టడంతో సగం చిక్కు తీరుతుంది. ఎత్తు అంటే నేల నుంచి ట్రాక్‌లో అన్నిటికన్నా పైనున్న చోటు దాకా. డ్రాప్ అంటే రైలు ఒక్క ఊపున దిగే నిలువు దూరం. చదునైన నేల మీద ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒహాయో రాష్ట్రంలోని సెడార్ పాయింట్ పార్కులో 2000లో తెరిచిన మిలీనియం ఫోర్స్ ఎత్తు 310 అడుగులు, డ్రాప్ 300 అడుగులు. రైలు దిగి తిరిగే చోట ట్రాక్ నేలకి కాస్త పైన ఉంటుంది, ఆ పది అడుగులు అక్కడివే.

నేల ఎగుడుదిగుడుగా ఉంటే కథ మారుతుంది. పెన్సిల్వేనియాలోని కెన్నీవుడ్ పార్కు లోయ అంచున ఉంది. అక్కడి ఫాంటమ్స్ రివెంజ్ ఎత్తు 160 అడుగులు, అతి పెద్ద డ్రాప్ 232 అడుగులు. ఆ పెద్ద డ్రాప్ మొదటిది కాదు, రెండోది. రెండో గుట్ట ఎక్కిన రైలు అక్కడి నుంచి లోయలోకి, పాత థండర్‌బోల్ట్ కోస్టర్ చెక్క కట్టడం మధ్యలోంచి దూసుకుపోతుంది. ‘మొదటి డ్రాప్’ అని ఒకే గడి పెట్టుకున్నవాళ్ల పట్టికలో దాని అసలు విశేషమే నమోదు కాదు. సౌదీ అరేబియాలోని ఖిద్దియాలో కొండ అంచు వెంట కట్టిన ఫాల్కన్స్ ఫ్లైట్ విషయంలోనూ ఇదే ముడి. అక్కడ ఎత్తు అనే మాటకి మూడు అర్థాలొస్తాయి: కట్టడం తన పునాది నుంచి ఎంత లేచింది, ట్రాక్ పైకొసకీ కింది కొసకీ మధ్య నిలువు తేడా ఎంత, రైలు ఒక్కసారిగా దిగేది ఎంత. ఏది రాశారో చెప్పకుండా మీటర్లు మాత్రం ఇస్తే ఆ అంకెని దేనితోనూ పోల్చలేం.

ఇంకో రకం పొరపాటు టవర్లతో వస్తుంది. కాలిఫోర్నియాలోని సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్‌లో 1997లో వచ్చిన సూపర్‌మ్యాన్ రైడ్ టవర్ ఎత్తు 415 అడుగులు, అంటే 126 మీటర్లు. బండిని గంటకు 161 కిలోమీటర్ల వేగంతో టవర్ మీదికి విసిరేవారు. ఆ వేగంతో వెళ్లే వస్తువు గాలి అడ్డు, రాపిడి ఏమీ లేకపోయినా 102 మీటర్లకు మించి ఎక్కలేదు. అంటే బండి టవర్ కొసని చేరే ప్రసక్తే లేదు. 415 అడుగులు కట్టడానిది, అందులో కూర్చున్న మనిషి చేరిన ఎత్తు అంతకన్నా బాగా తక్కువ.

వేగాన్ని నమ్మే ముందు చేయాల్సిన గుణకారం

పై లెక్క ఎవరైనా చేసుకోవచ్చు. మీటర్లలో డ్రాప్ ఎంతో తీసుకుని, దాని వర్గమూలాన్ని 16తో గుణించండి. గంటకు కిలోమీటర్లలో గరిష్ఠ వేగం వస్తుంది. గొలుసుతో పైకి లాగి వదిలేసే కోస్టర్ ఏదైనా, గుట్ట మీంచి నెమ్మదిగా బయల్దేరితే, ఈ హద్దు దాటలేదు. మిలీనియం ఫోర్స్ డ్రాప్ 91.4 మీటర్లు. లెక్క ప్రకారం 153 వస్తుంది, ప్రకటించిన వేగం సుమారు 150. జపాన్‌లోని నగాషిమా స్పా ల్యాండ్‌లో ఉన్న స్టీల్ డ్రాగన్ 2000 డ్రాప్ 93.5 మీటర్లు, లెక్క 155 దగ్గర తేలుతుంది, ప్రకటించినది 153. రాపిడికీ గాలికీ పోయేది ఇలా రెండు మూడు శాతం ఉంటే అంకె సబబుగా ఉన్నట్టు. లెక్క కంటే ప్రకటించిన వేగం ఎక్కువైతే ఎక్కడో తేడా ఉంది: వేగం పెంచి చెప్పారు, డ్రాప్ తగ్గించి రాశారు, లేదా ఆ కోస్టర్‌లో ఏదో మెలిక ఉంది.

ఫాంటమ్స్ రివెంజ్‌లో మెలిక ఉంది. 232 అడుగులంటే 70.7 మీటర్లు, లెక్క 135 అంటుంది. ప్రకటించిన వేగం 137. ఇది అబద్ధం కాదు. రెండో గుట్ట మొదటిదాని కంటే తక్కువ ఎత్తు కాబట్టి, దాని కొసన రైలు ఆగి బయల్దేరదు. మొదటి దిగుడులో సంపాదించిన వేగం ఇంకా కొంత మిగిలే ఉంటుంది. అందుకే ఇక్కడ లెక్కకు డ్రాప్ చాలదు, మొదటి గుట్ట కొస నుంచి లోయ అడుగు దాకా ఉన్న నిలువు తేడా తీసుకోవాలి.

గొలుసుతో ఎక్కించకుండా, కింది నుంచే వేగమిచ్చి పైకి విసిరే కోస్టర్లకు లెక్కని తిరగేయాలి. న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌లో 2005లో వచ్చిన కింగ్డా కా ఎత్తు 456 అడుగులు, అంటే 139 మీటర్లు. అంత ఎత్తెక్కాలంటే రాపిడి లేని లోకంలో గంటకు 188 కిలోమీటర్లు చాలు. విసిరినది 206తో. ఆ 18 కిలోమీటర్ల మిగులు రాపిడికీ ఎదురుగాలికీ ఖర్చయిపోగా, రైలు కొసని నెమ్మదిగా దాటాలి. మిగులు చాలని రోజు రైలు కొస దాకా పోయి వెనక్కి జారేది. అది ప్రమాదం కాదు, ముందే ఊహించి కట్టిన పరిస్థితే. వెనక్కొచ్చే రైలుని పట్టుకోవడానికి విసిరే దారి పొడవునా అయస్కాంత బ్రేకులు లేచి నిలబడేవి. డేటాబేస్‌లో వేగం రాసేటప్పుడు 206 అనేది రూపకల్పనలో అనుకున్న వేగమని గుర్తుంచుకోవాలి. రైలు బరువుని బట్టి, గాలిని బట్టి ఏ రోజు వేగం ఆ రోజుదే.

చెక్కా, ఉక్కా

అభిమానుల మధ్య ఎడతెగని వాదం ఇదే. బయటివాళ్లు దూరం నుంచి కట్టడం చూసి చెప్పేస్తారు: దుంగలతో పేర్చినట్టుంటే చెక్కది, గొట్టాలతో ఉంటే ఉక్కుది. ఆర్‌సీడీబీ చూసేది కట్టడాన్ని కాదు, ట్రాక్‌ని. అదే సరైన పద్ధతి. ప్రయాణం ఎలా ఉంటుందో తేల్చేది చక్రం కింద ఏముందన్నదే.

చెక్క ట్రాక్ అంటే పలకల్ని ఒకదాని మీద ఒకటి ఏడెనిమిది పొరలు పేర్చి బిగించి, చక్రాలు తాకే చోట పల్చటి ఉక్కు పట్టీ వేసినది. రైలు బరువు పడ్డప్పుడల్లా అది కాస్త వంగుతుంది. ఎండకీ వానకీ సాగుతుంది, కుంచించుకుపోతుంది. కొన్నేళ్లకోసారి భాగాలు భాగాలుగా విప్పి కొత్త పలకలు వేయాల్సిందే. ఉక్కు ట్రాక్ ఫ్యాక్టరీలోనే వంచి, ముక్కలుగా తెచ్చి, బోల్టులతో బిగించినది. 1959లో డిస్నీల్యాండ్‌లో వచ్చిన మాటర్‌హార్న్ బాబ్‌స్లెడ్స్ గొట్టపు ఉక్కు ట్రాక్‌కి తొలి ఉదాహరణ. ఉక్కు ట్రాక్‌ని ఏ దిక్కుకైనా మెలితిప్పవచ్చు కాబట్టే ఆ తర్వాత తలకిందుల కోస్టర్లు అంత విస్తరించాయి.

ట్రాక్ సూత్రం పట్టుకుంటే చూపుకి తోచినదానికి భిన్నమైన ఫలితాలొస్తాయి. న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో 1927 నుంచి ఉన్న సైక్లోన్ కట్టడం ఉక్కుది, ట్రాక్ చెక్కది. కాబట్టి అది చెక్క కోస్టర్. సెడార్ పాయింట్‌లో 1978లో వచ్చిన జెమిని కట్టడం చెక్కది, ట్రాక్ గొట్టపు ఉక్కు. కాబట్టి అది ఉక్కు కోస్టర్.

2011 తర్వాత ఈ గీత మీద ఒత్తిడి బాగా పెరిగింది. టెక్సస్‌లోని పాత చెక్క కోస్టర్ టెక్సస్ జెయింట్ కట్టడాన్ని చాలావరకు ఉంచి, పై ట్రాక్ తీసేసి, దాని స్థానంలో రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ అనే సంస్థ కొత్త రకం ఉక్కు పట్టా వేసింది. ఆ పద్ధతి హిట్టయింది. సెడార్ పాయింట్‌లో 1991 నాటి మీన్ స్ట్రీక్ 2018లో స్టీల్ వెంజెన్స్‌గా మారింది. ఫ్లోరిడాలోని గ్వాజీ 2022లో ఐరన్ గ్వాజీ అయింది. వీటిని జనం ‘హైబ్రిడ్’ అంటారు. ట్రాక్ సూత్రం ప్రకారం ఇవి ఉక్కువే. కానీ అదే సంస్థ ఇంకో పద్ధతి కూడా చేస్తుంది. అందులో చెక్క పొరలు కింద అలాగే ఉంటాయి, పై పొరల చోట మాత్రం మందపాటి ఉక్కు వస్తుంది. 2013లో మిస్సోరీలోని సిల్వర్ డాలర్ సిటీలో తెరిచిన అవుట్‌లా రన్ అలాంటిది. దాన్ని చెక్క కోస్టర్లలోనే లెక్కిస్తారు.

ఇది మరీ సన్నని గీత అని కొందరు విసుక్కుంటారు. కానీ ఈ గీత మీద రికార్డులు ఆధారపడి ఉన్నాయి. ఒహాయో కింగ్స్ ఐలండ్‌లో 1979 నుంచి నడుస్తున్న ‘ది బీస్ట్’ 2,243 మీటర్లతో చెక్క కోస్టర్లలో అతి పొడవైనది. అన్ని రకాలూ కలిపితే దాని కన్నా పొడవైనవి ఉన్నాయి, ఉదాహరణకి 2,479 మీటర్ల స్టీల్ డ్రాగన్ 2000. హైబ్రిడ్‌లను మూడో రకంగా విడదీయాలంటే, ట్రాక్‌లో ఎంత ఉక్కు ఉంటే హైబ్రిడ్ అన్నది ముందు తేల్చాలి. అది తేల్చకుండా పేరు పెట్టి ఊరుకుంటే, ప్రతి పార్కూ తనకి నచ్చిన రికార్డు తానే రాసుకుంటుంది.

కోస్టర్ కాని కోస్టర్లు కూడా ఉన్నాయి. మన దగ్గర చిన్న పార్కుల్లో, ఎగ్జిబిషన్లలో తిరిగే డ్రాగన్ రైళ్లు చాలావరకు మోటారుతో నడిచేవి. తేడా పోల్చుకోవడం తేలికే. గొలుసో, టైర్లో రైలుని గుట్ట ఎక్కించి వదిలేస్తే, అక్కడి నుంచి స్టేషన్ దాకా రైలు తన బరువుతోనే దొర్లితే అది రోలర్ కోస్టర్. ట్రాక్ పొడవునా కరెంటు పట్టీ ఉండి, రైలు మోటారు రొదతో రెండు మూడు చుట్లు ఒకే వేగంతో తిరిగితే అది వేరే గడిలోకి పోవాలి.

ఇది ఒకటా, రెండా

లెక్కపెట్టడం కూడా అనుకున్నంత తేలిక కాదు. కెన్నీవుడ్‌లోని 1927 నాటి రేసర్‌లో రెండు రైళ్లు పక్కపక్కన పోటీ పడతాయి. రెండు ట్రాకులున్నట్టే కనిపిస్తుంది. నిజానికి ఉన్నది ఒక్కటే ట్రాక్. ఎడమ ప్లాట్‌ఫారం నుంచి బయల్దేరిన రైలు కుడి ప్లాట్‌ఫారానికి చేరుతుంది. ఇంగ్లండ్ బ్లాక్‌పూల్‌లోని గ్రాండ్ నేషనల్‌దీ ఇదే తీరు. జెమినిలో మాత్రం నిజంగానే రెండు విడి ట్రాకులు. పోటీ కోస్టర్ కనిపిస్తే స్టేషన్ దగ్గర నిలబడి ఒక రైలు ఏ వైపు నుంచి వెళ్లి ఏ వైపు వచ్చిందో చూడాలి. ఆ ఒక్క పరిశీలన పొడవు లెక్కని రెండింతలో సగమో చేస్తుంది.

చోటు మారిన కోస్టర్లది ఇంకో సమస్య. కెనడాలోని క్రిస్టల్ బీచ్ పార్కులో 1927 నాటి సైక్లోన్‌ని 1946లో మూసేసి, దాని ఉక్కుని వాడి 1948లో కామెట్ కట్టారు. ఆ పార్కు 1989లో మూతపడింది. కామెట్‌ని కొని, విప్పి, న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రేట్ ఎస్కేప్‌లో 1994లో మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు దాని వయసెంత? 1994 అంటే ఆ పార్కులో తెరిచిన ఏడాది. 1948 అంటే కోస్టర్ పుట్టిన ఏడాది. 1927 అంటే కట్టడంలోని ఉక్కు వయసు. మూడూ నిజమే, మూడూ ఒక్క గడిలో ఇమడవు. సరైన దారి ఏమిటంటే, ఒక్కో చోటుకి ఒక్కో నమోదు రాసి, ‘ఇక్కడి నుంచి వచ్చింది’, ‘ఇక్కడికి పోయింది’ అని వాటిని ముడివేయడం. సామగ్రి మాత్రమే వాడుకున్న సైక్లోన్‌ని ఆ గొలుసులో కలపకుండా, వివరణలో ప్రస్తావించాలి. కెంటకీ కింగ్డమ్‌లో 1997లో వచ్చిన చాంగ్ 2011లో న్యూజెర్సీలో గ్రీన్ లాంటర్న్ అయినట్టు, చోటుతో పాటు పేరూ మారినప్పుడు ఈ ముడి లేకపోతే పాతది కూల్చేశారని, కొత్తది కొత్తగా కట్టారని పొరపాటు పడతాం.

జర్మనీలో తిరునాళ్ల వెంట తిరిగే కోస్టర్లకు స్థిరమైన ఊరే లేదు. అయిదు లూపుల ఒలింపియా లూపింగ్ 1989లో వచ్చింది, మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్‌కి బిగించి, అయిపోగానే విప్పి తీసుకెళ్తారు. మన నాంపల్లి నుమాయిష్‌కి వచ్చే రైడ్లలాగే. వీటిని పార్కు కింద కాకుండా, నడిపే యజమాని కింద నమోదు చేయాలి.

అన్నిటికన్నా చిక్కుముడి ఉన్నచోటే మారిపోయినవి. కెన్నీవుడ్‌లో 1991లో స్టీల్ ఫాంటమ్‌కి నాలుగు తలకిందుల మలుపులుండేవి. వాటిని తీసేసి, ట్రాక్ చాలా భాగం మార్చి 2001లో ఫాంటమ్స్ రివెంజ్ చేశారు. సెడార్ పాయింట్‌లో 2003 నాటి టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ 2021లో మూతపడి, అదే 420 అడుగుల టవర్‌తో, మరో కొత్త టవర్ చేర్చుకుని, విసిరే యంత్రాంగం మొత్తం మార్చుకుని 2024లో టాప్ థ్రిల్ 2గా తెరుచుకుంది. ఇవి పాతవా, కొత్తవా? ఇక్కడ ఏ జవాబు ఎంచుకున్నా ఫరవాలేదు, అన్ని కోస్టర్లకీ అదే వర్తింపజేస్తే చాలు. ట్రాక్ రకం మారితే కొత్త నమోదు అన్న సూత్రం పెట్టుకుంటే మీన్ స్ట్రీక్, స్టీల్ వెంజెన్స్ తేలిగ్గా విడిపోతాయి. ఫాంటమ్‌కి ఆ సూత్రం సాయపడదు. దానికి మార్పుల తేదీలతో చరిత్ర గడి ఒకటి ఉండాలి.

ఇక పేర్లు. నైట్రో అని వెతికితే న్యూజెర్సీలో ఒకటుంది, మహారాష్ట్ర ఖోపోలీ దగ్గర ఇమాజికాలో ఒకటుంది. రెండిటినీ చేసింది స్విట్జర్లాండ్‌కి చెందిన బొలిగర్ అండ్ మాబియార్ సంస్థే. 2001 నాటి న్యూజెర్సీ నైట్రో 230 అడుగుల ఎత్తుది, అందులో తలకిందుల మలుపు ఒక్కటీ లేదు. 2013 నాటి మన నైట్రో సుమారు 40 మీటర్ల ఎత్తుది, అయిదు తలకిందుల మలుపులున్నాయి, కాళ్ల కింద నేల ఉండదు. పేరూ తయారీదారూ కలిసినంత మాత్రాన ఒకదాని అంకెలు ఇంకోదానికి ఎక్కించకూడదు. అందుకే డేటాబేస్‌లో ప్రతి కోస్టర్‌కీ పేరుతో సంబంధం లేని సొంత సంఖ్య ఉంటుంది.

తలకిందులయ్యేది ట్రాకా, మనిషా

ఆల్టన్ టవర్స్‌లోని ‘ది స్మైలర్’లో 14 తలకిందుల మలుపులున్నాయి. జపాన్ ఫుజీ-క్యూ హైలాండ్‌లోని ఈజనైకాకి కూడా 14 అని ప్రచారం. స్మైలర్‌లో 14 సార్లూ ట్రాకే తిరగబడుతుంది. ఈజనైకాలో ట్రాక్ తిరగబడేది 3 సార్లు, మిగతా 11 కుర్చీలు తమంతట తాము తిరగడం వల్ల. ట్రాక్‌ని లెక్కపెట్టే పట్టికలో ఈజనైకా పక్కన 3 అనే ఉండాలి. పొడవుకీ ఇదే నియమం. వెకోమా సంస్థ బూమరాంగ్ నమూనా పొడవు 285 మీటర్లు, తలకిందుల మలుపులు 3. రైలు ముందుకెళ్లి, అదే దారిన వెనక్కి వస్తుంది కాబట్టి మనిషి తలకిందులయ్యేది 6 సార్లు. పార్కు ప్రకటనలో 6 అని రాసుకోవచ్చు. పట్టికలో మాత్రం 3.

తెరిచింది ఎప్పుడు, ఉందా లేదా

తెరిచిన తేదీ అంటే టికెట్ కొన్న ఎవరైనా ఎక్కగలిగిన మొదటి రోజు. పత్రికలవాళ్లకి చూపించిన రోజు, వార్షిక పాస్ ఉన్నవాళ్లకి ముందుగా తెరిచిన రోజు వేరుగా రాయాలి. పాత కోస్టర్లకు రోజు దొరకదు, ఒక్కోసారి ఏడాది కూడా దొరకదు. 1935 నాటి ఫొటోలో కనిపిస్తే ‘1935 లేదా అంతకుముందు’ అనే రాయాలి. జనవరి 1 అని నింపేస్తే, పదేళ్ల తర్వాత ఎవరో దాన్ని నిజమైన తేదీ అనుకుని వార్షికోత్సవం జరుపుతారు.

మూసేసినవన్నీ పోయినవి కాదు. ‘నిలబడి ఉంది, నడవడం లేదు’ అన్నది అభిమానుల లెక్కలో విడి స్థితి. పెన్సిల్వేనియాలో 1902 నాటి లీప్ ద డిప్స్ 1985లో ఆగిపోయింది. దాన్ని ఉన్నచోటే ఉంచి, బాగుచేసి 1999లో మళ్లీ నడిపారు. మధ్యలో ఎవరైనా ‘తొలగించారు’ అని కొట్టేసి ఉంటే ప్రపంచంలో మిగిలిన అతి పాత కోస్టర్ లెక్కలోంచే పోయేది. ఎడతెగకుండా నడుస్తూ వచ్చినవాటిలో పాతది అడిగితే జవాబు మళ్లీ మారుతుంది: 1912 నాటి మెల్‌బోర్న్ లూనా పార్క్ సీనిక్ రైల్వే. కింగ్డా కా 2024లో మూతపడింది, 2025 ఫిబ్రవరిలో పేల్చి పడగొట్టారు. నడుస్తున్నవాటి జాబితాలోంచి అది పోయింది, ఇప్పటిదాకా కట్టినవాటి జాబితాలో తన ఎత్తుతో ఉంది. అందుకే రికార్డుల పట్టికలు రెండు కావాలి.

రికార్డులకు తగిలించే ‘పూర్తి చుట్టు’ అన్న షరతు, అంటే రైలు చుట్టు తిరిగి బయల్దేరిన చోటికి రావాలన్నది కూడా ఇలా పుట్టిందే. 1989లో మాగ్నమ్ ఎక్స్‌ఎల్-200 ఎత్తు 205 అడుగులు, 200 దాటిన మొదటి కోస్టర్ అని చాటుకుంది. అప్పటికే ఫుజీ-క్యూలో మూన్‌సాల్ట్ స్క్రాంబుల్ 200 అడుగులు దాటి ఉంది, కాకపోతే అది ముందుకూ వెనక్కూ వెళ్లేది, చుట్టు తిరిగి వచ్చేది కాదు. ఆ షరతు చేర్చాకే మాగ్నమ్ రికార్డు నిజమవుతుంది.

మన దగ్గరి నుంచి వివరాలు పంపాలంటే

రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా హైదరాబాద్‌లోని రీకాయిల్ వెకోమా బూమరాంగ్ నమూనాదే. నమూనాకి ప్రకటించిన ఎత్తు 35.5 మీటర్లు, వేగం గంటకు 75.6 కిలోమీటర్లు. 16 సూత్రం వేస్తే 95 రావాలి కదా అనిపిస్తుంది. రైలు కొసన తలభాగం మాత్రమే పైకి చేరుతుంది, మిగతా పెట్టెలు వాలు మీద వేలాడుతుంటాయి, పైగా అడుగున ట్రాక్ నేలకి పైన ఉంటుంది. బరువంతా కలిపి చూస్తే దిగేది శిఖరం ఎత్తు కన్నా చాలా తక్కువ. ముందుకూ వెనక్కూ తిరిగే ప్రతి కోస్టర్‌కీ ఈ సవరణ గుర్తుంచుకోవాలి.

ఎవరూ ప్రకటించని చిన్న కోస్టర్ ఎత్తుని కంచె బయటి నుంచే కొలవవచ్చు. శిఖరం కింది నేల నుంచి 50 మీటర్ల దూరంలో, అదే మట్టంలో నిలబడి, ఫోన్‌లోని కోణం కొలిచే యాప్‌తో శిఖరం వైపు చూడాలి. కోణం 34 డిగ్రీలు వస్తే 50ని 0.6745తో గుణించి, కంటి ఎత్తు 1.6 కలపాలి: 35.3 మీటర్లు. కోణంలో ఒక్క డిగ్రీ తప్పితే ఎత్తులో 1.3 మీటర్ల తేడా వస్తుంది, కాబట్టి రెండు మూడు చోట్ల నుంచి కొలిచి చూసుకోవాలి. వేగానికి సెకనుకి 60 ఫ్రేముల వీడియో చాలు. అది కూడా బయటి నుంచే తీయాలి, రైడ్ మీద ఫోన్ తీయకూడదు. 14 మీటర్ల రైలు ఒక స్తంభాన్ని 40 ఫ్రేముల్లో దాటితే 0.667 సెకన్లు, అంటే సెకనుకి 21 మీటర్లు, గంటకు సుమారు 76 కిలోమీటర్లు. ఉపగ్రహ చిత్రంలో గీత గీసి కొలిచిన పొడవుని మాత్రం అలాగే రాయకూడదు. పైనుంచి చూస్తే వాలులు కుదించుకుపోయి కనిపిస్తాయి. 45 డిగ్రీల వాలులో 10 మీటర్లుగా కనిపించే ట్రాక్ అసలు పొడవు 14.1 మీటర్లు.

అడుగులు, మీటర్ల మార్పిడిలోనే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. ఎక్కడైనా 98.4 అడుగులు, 65.6 అడుగులు అని కనిపిస్తే అవి నిజానికి 30, 20 మీటర్లు. తయారీదారు మీటర్లలో గుండ్రంగా ఇచ్చినదాన్ని ఎవరో మార్చారు. 116.5 అడుగుల్ని 117గా సవరించి, మళ్లీ మీటర్లలోకి తెస్తే 35.5 కాస్తా 35.7 అవుతుంది. తయారీదారు ఏ ప్రమాణంలో ఇచ్చారో అదే దాచుకుని, రెండోదాన్ని చూపించేటప్పుడు లెక్కకట్టాలి.

గంటకి ఎంతమంది అన్న గడిని అనుమానంతో చూడాలి. బూమరాంగ్‌కి రాసే అంకె 760. రైలు ఒక్కటే, సీట్లు 28. అంటే గంటకు 27 సార్లు, ప్రతి 133 సెకన్లకి ఒకసారి బయల్దేరాలి. ప్రయాణమే 1 నిమిషం 48 సెకన్లు. మిగిలిన 25 సెకన్లలో 28 మంది దిగి, ఇంకో 28 మంది ఎక్కి, అందరి భుజాల కడ్డీలూ సిబ్బంది లాగి చూసి గేటు వేయడం కుదరదు. మూడున్నర నిమిషాలకి ఒకసారి వదిలితే 480 మంది వస్తారు. కాబట్టి 760ని ‘తయారీదారు లెక్క’ అనే పేరుతోనే ఉంచి, వాచీ చూసి కొలిచినది ఉంటే, కొలిచిన తేదీతో సహా పక్కన రాయాలి.

పంపే ఫొటోల్లో అన్నిటికన్నా పనికొచ్చేది స్టేషన్ దగ్గరో, లిఫ్ట్ మోటారు పక్కనో బిగించి ఉండే తయారీదారు రేకు. దాని మీద సంస్థ పేరు, వరుస సంఖ్య, తయారైన ఏడాది ఉంటాయి. బయటి నుంచి కనిపించకపోతే సిబ్బందిని అడిగితే చాలాసార్లు చూపిస్తారు. తయారైన ఏడాది, పార్కులో తెరిచిన ఏడాది రెండేళ్లకు మించి తేడా ఉంటే ఆ కోస్టర్ ఇంకెక్కడి నుంచో వచ్చి ఉండొచ్చు. ఆ వరుస సంఖ్యతో వెతికితే పాత చోటు దొరుకుతుంది. దాంతోపాటు పక్కనుంచి మొత్తం ట్రాక్ కనిపించే ఫొటో, పెట్టెలూ వరుసలూ లెక్కపెట్టగలిగేలా రైలు ఫొటో, తీసిన తేదీ ఇస్తే చాలు. తెలియని గడిని ఖాళీగా వదిలేయండి. వార్తాపత్రిక నుంచి తీసుకున్న అంకె అయితే ఆ పత్రిక పేరు, తేదీ రాయండి. అభిమానుల పట్టికలోని తప్పే పత్రికకెక్కి, రుజువుగా మళ్లీ పట్టికకి తిరిగి రావడం మామూలే. తేదీ ఉంటేనే ఏది ముందో తేలుతుంది.